సెవిల్లె తోటలు: అల్కాసర్ ముందా, మరియా లూయిసా పార్కు ముందా?

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్న మేరకు ముందుగా చెబుతాను. మార్చి చివరి వారంలో మీరు మోకాళ్ల నొప్పి ఉన్న మీ అమ్మగారితో కలిసి స్పెయిన్ దక్షిణ భాగంలోని సెవిల్లె నగరానికి వెళ్తున్నారు. అక్కడ ఉండేది రెండు రోజులే. అల్కాసర్ రాజభవనపు తోటలకు టికెట్టు కొనాలి, మరియా లూయిసా పార్కు ఉచితం. రెండూ తోటలే అయినప్పుడు రెండూ చూడటం అవసరమా, ఒక్కదానితో సరిపెట్టుకోవాలంటే ఏది అని అడిగారు. చివర్లో మరొక అనుమానం కూడా రాశారు: "ఇవి నిజంగా అంత పాతవేనా, లేక పర్యాటకుల కోసం తర్వాత కట్టినవా?"

సూటిగా చెప్పాలంటే, రెండూ చూడండి. మొదటి రోజు ఉదయం అల్కాసర్, అదే రోజు గానీ మరునాడు గానీ సాయంత్రం మరియా లూయిసా పార్కు. ఈ వరుసను తారుమారు చేయకండి. మొదటిది రాజులు తమ కోసం కట్టుకున్న తోట, రెండవది ఆ తోట నుంచి నేర్చుకున్న పాఠాలతో ఊరందరి కోసం కట్టిన తోట. మొదటిది చూడకుండా రెండవదానికి వెళ్తే అది నీడ బాగా ఉన్న ఒక అందమైన పార్కుగా మాత్రమే కనిపిస్తుంది. చూసి వెళ్తే అక్కడి ప్రతి నీటి తొట్టీ, ప్రతి పలకల బెంచీ ఎక్కడి నుంచి వచ్చిందో మీకే తెలుస్తుంది. ఇక పాతవేనా అన్న అనుమానానికి జవాబు అవుననీ కాదనీ రెండూ. దాన్ని కొంచెం వివరంగా చెప్పాలి.

మాది కడియం నర్సరీల ప్రాంతం. చారిత్రక తోటల పునరుద్ధరణ చదువుకోవడానికి స్పెయిన్ వచ్చి, ఆ తర్వాత అండలూసియాలోనే ప్రైవేటు ఇళ్ల తోటల పనులు చేస్తూ ఉండిపోయాను. తెలిసినవాళ్లు, తెలిసినవాళ్లకు తెలిసినవాళ్లు వచ్చినప్పుడు ఈ రెండు తోటలూ తిప్పి చూపించడం నాకు ఒక అలవాటుగా మారింది. కాబట్టి కింద రాసిన దాంట్లో వృత్తి వల్ల తెలిసినదీ ఉంది, అతిథులను తిప్పడంలో చేసిన పొరపాట్ల వల్ల తెలిసినదీ ఉంది.

తోటలో పాతది అంటే ఏమిటి?

భవనానికి వయసు చెప్పినట్టు తోటకు చెప్పలేం. మొక్క చచ్చిపోతుంది, చెట్టు పడిపోతుంది, పొదను ఏటా కత్తిరిస్తారు, ఎండిన దాని చోట కొత్తది నాటుతారు. అల్కాసర్‌లో మీరు చూసే నారింజ చెట్లేవీ పద్నాలుగో శతాబ్దపు రాజు చూసినవి కావు. అయితే మూడు విషయాలు మాత్రం శతాబ్దాల పాటు నిలుస్తాయి: నేల మట్టాలు, నీరు వచ్చే దారులు, చుట్టూ ఉన్న గోడలు. నా వరకు ఒక తోట పాతదా కాదా అని తేల్చేవి ఈ మూడే. చదువుకునే రోజుల్లో ఒక వృద్ధ తోటమాలి నాతో, పూలను తర్వాత చూడు, ముందు కాళ్ల కింద నీరు ఎటు పోతోందో చూడు అన్నాడు. అప్పటి నుంచి ఏ తోటలో అడుగుపెట్టినా నా చూపు మొదట కాలువల మీదికే పోతుంది.

ఈ లెక్కన అల్కాసర్ చాలా పాతది. అందులోని కొన్ని భాగాలు మాత్రం చాలా కొత్తవి. ఈ రెండు మాటలకూ వైరుధ్యం లేదు.

నీటి సంగతితోనే మొదలుపెడదాం. పన్నెండో శతాబ్దంలో ఈ నగరం అల్మొహద్ అనే ముస్లిం రాజవంశం చేతిలో ఉండేది. రోమన్ల కాలం నాటి పాత జలమార్గాన్ని వారు బాగుచేయించి 1172లో మళ్లీ నీరు పారించారు. స్థానికులు దీన్ని "కాన్యోస్ దె కార్మోనా" అంటారు. అల్కలా దె గ్వాదయిరా వైపు నుంచి సుమారు 17 కిలోమీటర్ల దూరం నీటిని తెచ్చిన ఈ మార్గమే అల్కాసర్ తోటలకు ప్రాణం. 1912లో దీని వంపుల్లో చాలావాటిని కూల్చేశారు; కొద్ది భాగం ఇప్పటికీ లూయిస్ మోంతోతో వీధిలో వాహనాల మధ్య నిలబడి ఉంది. మీరు టాక్సీలో అటుగా వెళ్తే ఒక్కసారి తల తిప్పి చూడండి, ప్రత్యేకంగా వెళ్లనక్కర్లేదు.

అల్కాసర్‌లో ఏం చూడాలి

తెలుగువాళ్లకు ఈ తోటను అర్థం చేసుకోవడం యూరోపియన్లకన్నా సులువని నేను నమ్ముతాను, ఎందుకంటే మనకు మడి, గట్టు, బోదె, తూము అన్న మాటలు తెలుసు. ఇక్కడి పూల మడులు నడిచే దారికన్నా కింద ఉంటాయి. కాలువ తూము తెరిస్తే నీరు మడిలోకి దిగి, నిండి, మట్టిలోకి ఇంకుతుంది. దారి మాత్రం పొడిగా ఉంటుంది. వరిమడిలో గట్టు మీద నడుస్తూ కిందనున్న పైరును చూసే మనిషికి ఈ అమరికను వివరించాల్సిన పనే లేదు. ఉత్తర యూరప్ నుంచి వచ్చినవారు మాత్రం పూల మడి ఎత్తుగా ఉండాలనుకుంటారు, ఎందుకంటే అక్కడ నీరు నిలవకుండా చూడటమే సమస్య. ఇక్కడ సమస్య నీరు నిలపడం.

దీనికి అన్నిటికన్నా మంచి ఉదాహరణ పెద్రో రాజు 1360లలో కట్టించిన భవనం మధ్యలోని "పాతియో దె లాస్ దొన్సెయాస్", అంటే కన్యల ప్రాంగణం. పదహారో శతాబ్దం చివర్లో దీన్ని పూడ్చి పైన పాలరాయి పరిచారు. సుమారు నాలుగు వందల ఏళ్ల పాటు అందరూ అది రాతి ప్రాంగణమనే అనుకున్నారు. 2002 తర్వాత జరిగిన తవ్వకాల్లో ఆ రాయి కింద పొడవాటి నీటి తొట్టి, దానికి ఇరువైపులా లోతైన మడులు, వాటి అంచులకు ఒకదాన్నొకటి ఖండించుకునే ఇటుక కమానుల అలంకారం బయటపడ్డాయి. పాలరాయి తీసేసి తోటను మళ్లీ తెరిచారు. అంటే మీరు చూసే మొక్కల వయసు ఇరవై చిల్లర ఏళ్లు, మడి వయసు ఆరు వందల యాభై ఏళ్లకు పైమాట. మీ అనుమానానికి "అవును, కాదు" అని రెండు జవాబులు ఇచ్చింది ఇందుకే. ఇలా పాలరాయి తీసేయడం సరైనదేనా అన్న చర్చ మా వృత్తిలో ఉన్నదే, ఎందుకంటే ఆ పాలరాయి కూడా చరిత్రలో భాగమే కదా. నా అభిప్రాయం అడిగితే, తీసి మంచి పనే చేశారు. నేల మట్టం మళ్లీ కనబడితే తప్ప చుట్టూ ఉన్న స్తంభాల కొలతలకు అర్థం లేదు.

అక్కడి నుంచి "పాతియో దెల్ క్రుసేరో" అనే మరొక ప్రాంగణానికి వెళ్లండి. పైకి చూస్తే అదొక సాధారణ తోట. నిజానికి అల్మొహద్‌ల కాలంలో ఇది మనిషి ఎత్తుకన్నా లోతున ఉన్న తోట. పైన శిలువ ఆకారంలో నడకదారులు, కింద నారింజ చెట్లు. పై దారిలో నడిచేవారికి చెట్ల తలలూ పూలూ కాళ్ల దగ్గరే ఉండేవన్నమాట. 1755లో లిస్బన్‌ను నేలమట్టం చేసిన భూకంపం ఇక్కడి కట్టడాలను కూడా బలహీనపరిచింది. ఆ తర్వాత సెబాస్టియన్ వాన్ డెర్ బోర్ట్ అనే ఇంజనీరు బాగుచేసే పనిలో భాగంగా కింది తోటను పూడ్చి మూసేశాడు. మిగిలింది భూగర్భంలోని ఒక పొడవైన కమానుల గది. "దోన్యా మరియా దె పాదియా స్నానవాటిక" అని దానికి పేరు. ఆవిడ పెద్రో రాజు ప్రియురాలు. లోపల నిశ్చలమైన నీటిలో కమానులు తలకిందులుగా కనిపిస్తాయి. అందరూ అక్కడ ఫొటో తీసుకుని వెళ్లిపోతారు. మీరు మాత్రం ఒక్క నిమిషం ఆగి, ఒకప్పుడు తోట నేల ఈ మట్టంలో ఉండేదని గుర్తు చేసుకోండి.

బయటి తోటల్లో ముందుగా కనిపించేది మెర్క్యూరీ కొలను. దాని మధ్యలోని కంచు విగ్రహం 1576 నాటిది. దియేగో దె పెస్కేరా రూపకల్పన, పోతపోసినవాడు బార్తొలొమే మొరెల్. నగరమంతటికీ కనిపించే హిరాల్దా గోపురం పైన గాలి దిశను చూపుతూ తిరిగే కంచు విగ్రహాన్ని పోతపోసింది కూడా ఇతడే. ఈ కొలను అలంకారం కోసం పుట్టలేదు. జలమార్గం నుంచి వచ్చిన నీటిని నిలిపి, దాని ఎత్తును ఆసరాగా చేసుకుని దిగువ తోటలన్నిటికీ పారించే చెరువు ఇది. మన ఊరి చెరువు కట్ట మీద నిలబడి ఆయకట్టును చూసినట్టు, కొలను అంచున నిలబడి కిందికి చూడండి. డాన్సుల తోట, త్రాయ్ తోట, గలేరా తోట, పూల తోట అని పేర్లున్న చిన్న చిన్న తోటలన్నీ గదుల్లా విడివిడిగా గోడలతో ఉంటాయి. ఒక గది నుంచి మరో గదికి గుమ్మం దాటి వెళ్లాలి. మొత్తం తోట ఒకేసారి కనిపించకుండా దాచడమే ఇక్కడి నేర్పు. వెర్సాయ్ వంటి ఫ్రెంచి రాజతోటల్లో రాజు కిటికీ దగ్గర నిలబడితే దిగంతం వరకు తన తోటే కనిపించాలి. ఇక్కడ అలా కాదు. పది అడుగుల దూరంలో ఎవరైనా కూర్చుని ఉన్నా మీకు తెలియదు, నీటి చప్పుడు మాత్రం వినిపిస్తూ ఉంటుంది.

కొలను పక్కనే పొడవుగా సాగిన గరుకురాళ్ల గోడను గమనించండి. అది అల్మొహద్‌ల కాలపు కోటగోడ. పదిహేడో శతాబ్దం తొలి దశకాల్లో వెర్మోందో రెస్తా అనే మిలాన్ వాస్తుశిల్పి ఆ గోడకు గుహల వంటి రాతి పూత పూసి, పైన నడవా కట్టి, తోటను రెండు మట్టాల నుంచి చూసే వేదికగా మార్చాడు. నడవా పైకి మెట్లున్నాయి. మీ అమ్మగారు ఎక్కనక్కర్లేదు, మీరు తప్పకుండా ఎక్కండి. పై నుంచి చూస్తేనే తోట గదుల పటం విప్పినట్టు కనిపిస్తుంది. ఆ గోడకే ఆనుకుని కీర్తిదేవత ఫౌంటెన్ ఉంది. దాని లోపల నీటి ఒత్తిడితో మోగే ఆర్గన్ వాద్యం ఉంది, చాలాకాలం మూగబోయిన దాన్ని ఈ కాలంలో బాగుచేసి మళ్లీ మోగిస్తున్నారు. ఏ వేళల్లో మోగుతుందో అక్కడి సిబ్బందిని అడగండి.

ఇంకొంచెం దూరంలో నారింజ చెట్ల నడుమ చతురస్రాకారంలో ఒక చిన్న మంటపం ఉంటుంది. ఐదో చార్లెస్ చక్రవర్తి పేరుతో ఉన్న ఈ మంటపాన్ని 1540లలో కట్టారు. 1526 మార్చిలో ఆయన పోర్చుగల్ రాకుమారి ఇసబెల్‌ను పెళ్లాడింది ఈ అల్కాసర్‌లోనే. మంటపంలో లోపలా బయటా పలకల బెంచీలున్నాయి, నేల మధ్యలో నీరు చిమ్మే చిన్న రంధ్రం ఉంది. నేను ఈ నగరంలో అన్నిటికన్నా ఎక్కువసేపు కూర్చున్న చోటు ఇదే. నాలుగు వైపులా గాలి, తలపైన కప్పు, అరుగు మీద చల్లని పలకలు, కాళ్ల దగ్గర నీరు: వేసవిలో నలభై డిగ్రీలు దాటే ఊరిలో ఇంతకన్నా కోరదగినది ఏముంటుంది?

దీని అవతల ఉన్న విశాలమైన భాగం, అంటే ఇంగ్లీషు తోట, కవుల తోట వగైరాలు, ఇరవయ్యో శతాబ్దానివి. ఇంగ్లీషు తోట 1927లోది, కవుల తోట 1950లలోది. అవి చెడ్డవని కాదు. సమయం తక్కువైతే మొదట వదిలేయాల్సినవి అవే. నెమళ్లు ఎక్కువగా తిరిగేది అటే కాబట్టి పిల్లలుంటే మాత్రం ఈ సలహాను తిరగరాసుకోవాలి.

ఇప్పుడు మరియా లూయిసా పార్కు

ఈ పార్కు స్థలం మొదట ఊరిది కాదు. స్పెయిన్ రాణి రెండవ ఇసబెల్ చెల్లెలు మరియా లూయిసా ఫెర్నాందా, ఆమె భర్త మోంపాన్సియె డ్యూకు 1849లో శాన్ తెల్మో భవనాన్ని కొని, దాని వెనుక ఉన్న భూమిని ఆ కాలపు ఇంగ్లీషు అభిరుచి ప్రకారం వంకర టింకర దారులతో తోటగా మలిపించారు. భర్త పోయాక, 1893లో, ఆమె ఈ తోటలో అధిక భాగాన్ని నగరానికి దానం చేసింది. చాలాకాలం అది దాదాపు అదే రూపంలో ఉండిపోయింది. ఐబీరియా, లాటిన్ అమెరికా దేశాల ప్రదర్శన జరపాలన్న ఆలోచన వచ్చాక, 1911లో నగరం ఫ్రాన్సు నుంచి ఝాన్ క్లోద్ నికొలా ఫొరెస్టియె అనే తోటల రూపశిల్పిని పిలిపించింది. పారిస్ తోటల నిర్వహణలో పెద్ద బాధ్యతలు చూసినవాడు, అక్కడి బగతెల్ గులాబీ తోటను తీర్చిదిద్దినవాడు. కొత్త పార్కును 1914 ఏప్రిల్ 18న ప్రజలకు తెరిచారు.

అంత అనుభవం ఉన్న ఫ్రెంచివాడు తన ఊరి పద్ధతినే ఇక్కడ పరచవచ్చు. ఫొరెస్టియె ఆ పని చేయలేదు. అల్కాసర్‌ను, గ్రనాడా తోటలను శ్రద్ధగా పరిశీలించి, వాటి వ్యాకరణాన్ని పట్టుకున్నాడు. మోంపాన్సియెల కాలపు పెద్ద చెట్లను కొట్టకుండా ఉంచి, వాటి నీడలో తిన్నని దారులు వేసి, ఆ దారుల వెంట చిన్న చిన్న గదుల్లాంటి కూడళ్లు అమర్చాడు. ఈ కూడళ్లనే ఇక్కడ "గ్లోరియెటా" అంటారు. అంచున పలకలు పొదిగిన లోతులేని నీటి తొట్టెలు, వాటిలో తలెత్తే సన్నని నీటిధార, చుట్టూ కత్తిరించిన మిర్టిల్ పొదల కంచె, తీగల పందిరి, ఎర్ర ఇటుక, పచ్చా నీలం పలకల బెంచీలు. ఇవన్నీ మీరు ఉదయం అల్కాసర్‌లో చూసినవే. రాజు ఒంటరిగా అనుభవించడానికి కట్టిన గదిని తీసుకుని, గోడలు తీసేసి, పొదలతో మాత్రమే హద్దు పెట్టి, ఎవరైనా వచ్చి కూర్చునేలా చేశాడు. ఆ తర్వాత స్పెయిన్ దక్షిణాన కట్టిన ఎన్నో పార్కుల్లో ఈ నమూనా కనిపిస్తుంది. అందుకే ఇప్పుడు అది అతి మామూలుగా, ఎప్పటి నుంచో ఉన్నట్టుగా అనిపిస్తుంది.

దాదాపు 34 హెక్టార్ల పార్కులో నేను అతిథులను తీసుకెళ్లేది ఐదారు చోట్లకే. తామర కొలను దగ్గర స్తంభాల పందిరి కింద కాసేపు కూర్చుంటాం. సింహాల ఫౌంటెన్, ఆ తర్వాత పింగాణీ కప్పలు మధ్యకు నీళ్లు చిమ్మే చిన్న తొట్టి చూస్తాం. "గురుగూ" అనే చిన్న కృత్రిమ గుట్ట మోంపాన్సియెల కాలం నుంచీ ఉన్నది. ఇక కవి గుస్తావో అదోల్ఫో బెకెర్ స్మారకం: 1850లో నాటిన ఒక పెద్ద చిత్తడి సైప్రస్ చెట్టును మధ్యలో పెట్టుకుని 1911లో శిల్పి లొరెన్సో కుయావుత్ వలేరా ఈ స్మారకాన్ని చెక్కాడు. బెంచీ మీద ముగ్గురు స్త్రీలు పక్కపక్కనే కూర్చుని ఉంటారు. రాబోయే ప్రేమ, వచ్చిన ప్రేమ, పోయిన ప్రేమ అని వారికి అర్థం చెబుతారు. శిల్పం కన్నా ఆ చెట్టే నాకు ఇష్టం. ఈ జాతి శీతాకాలంలో ఆకు రాల్చి, మార్చి చివరికి లేత పచ్చని చిగురు వేస్తుంది. మీరు వెళ్లే సమయానికి అది సరిగ్గా ఆ దశలో ఉండాలి.

కొన్ని గ్లోరియెటాల్లో బెంచీల పక్కన పలకలతో కట్టిన చిన్న అరలు ఉంటాయి. వాటిలో ఒకప్పుడు పుస్తకాలుండేవి. ఎవరైనా తీసుకుని, అక్కడే కూర్చుని చదివి, తిరిగి పెట్టేసి వెళ్లేవారు. ఇప్పుడు ఆ అరలు ఎక్కువగా ఖాళీ. పార్కులో చెత్తకుండీ ఎక్కడ పెట్టాలని మాత్రమే ఆలోచించే ఈ రోజుల్లో, పుస్తకాల అర ఎక్కడ పెట్టాలని ఎవరో ఆలోచించారంటే నాకు ఇప్పటికీ ముచ్చటగా ఉంటుంది.

దారుల మీద పసుపు రంగు మట్టి పరిచి ఉంటుంది. దాన్ని "అల్బేరో" అంటారు. దగ్గరలోని అల్కలా దె గ్వాదయిరా గనుల నుంచి వచ్చే ఇసుకరాతి మట్టి అది. ఎద్దుల పోరాటం జరిగే మైదానంలోనూ అదే పరుస్తారు. నీటిని పీల్చుకుంటుంది, కాంక్రీటులా వేడెక్కదు. తెల్ల చెప్పులు మాత్రం వేసుకోకండి.

పార్కు అంచునే ప్లాసా దె ఎస్పాన్యా ఉంది. వాస్తుశిల్పి అనీబాల్ గొన్సాలెస్ నమూనాతో 1914లో మొదలై, 1929 మే 9న ప్రారంభమైన ప్రదర్శనకు సిద్ధమైంది. అర్ధచంద్రాకారపు భవనం, 515 మీటర్ల కాలువ, నాలుగు వంతెనలు, స్పెయిన్ ప్రావిన్సుల చరిత్రను బొమ్మలుగా చెప్పే పలకల బెంచీలు. అద్భుతమైన చేతిపని, అందులో సందేహం లేదు. నడుమనున్న ఫౌంటెన్ మాత్రం గొన్సాలెస్ ఆలోచన కాదు, ఆయన తప్పుకున్నాక పని చేపట్టిన విసెంతె త్రావెర్ చేర్చినది. నా గొడవ ఒక్కటే: అక్కడ చెట్టు నీడ లేదు. చాలామంది ప్లాసాను చూసి, ఎండకు అలసిపోయి, పార్కు లోపలికి రాకుండానే వెనుదిరుగుతారు. ఒక జూలైలో నేనే ఒక కుటుంబాన్ని మధ్యాహ్నం రెండింటికి ప్లాసాకు తీసుకెళ్లాను. వారి పెద్దావిడకు కళ్లు తిరిగి కూలబడిపోయారు. నీడలోకి తీసుకొచ్చి నీళ్లు తాగించి, ఆ రోజుకు అన్నీ మానేశాం. వందేళ్ల కిందటే ఇక్కడి వాళ్లకు తెలిసిన విషయాన్ని, వృత్తిరీత్యా తోటలవాణ్ణి అయ్యుండి నేను మరిచిపోయాను. పార్కు లోపలి నుంచి నడుస్తూ ప్లాసాకు చేరండి, అటు నుంచి ఇటు కాదు.

నారింజలు, చిలుకలు, పురుగులు

మార్చి చివర సెవిల్లె అంటే పూత వాసన. వీధుల వెంట వరుసగా ఉన్న వేలాది చెట్లు పుల్ల నారింజలు. వాటి పువ్వును "అసాఆర్" అంటారు, అరబ్బీలో పువ్వు అనే మాటే. పండు పేరు స్పానిష్‌లో "నరాంహ". వింటే మన నారింజ గుర్తొస్తుంది కదా, పొరపాటేమీ కాదు; మన దేశపు మాటే పర్షియన్, అరబ్బీ భాషల మీదుగా పండుతో పాటు ఇక్కడికి ప్రయాణించింది. అందమైన పండు చూసి కోసుకు తినాలనిపిస్తుంది. నేను తిప్పిన ఒక పెద్దమనిషి, నేను వద్దంటున్నా వినకుండా ఒలిచి నోట్లో వేసుకుని, తర్వాత గంటసేపు మాట్లాడలేదు. చేదు, పులుపు రెండూ ఉంటాయి. ఇంగ్లండులో మార్మలేడ్ చేయడానికి ఈ పండ్లు పోతాయి. పూతకు ముందే, శీతాకాలంలో నగరపాలక సిబ్బంది వీటిని కోసేస్తారు, లేకపోతే రాలిన పండ్ల మీద జారిపడేవారు ఎక్కువ. 2021లో స్థానిక నీటి సంస్థ ఈ పండ్ల రసాన్ని పులియబెట్టి, వచ్చే వాయువుతో విద్యుత్తు తీసే ప్రయోగం కూడా చేసింది.

పార్కులో పచ్చని చిలుకల గుంపు అరుచుకుంటూ ఎగిరితే మీ అమ్మగారికి ఇంటి పెరడు గుర్తొస్తుంది. నిజంగా అవి మన రామచిలుకల జాతే. పంజరాల నుంచి తప్పించుకున్నవి, వదిలేసినవి ఇక్కడ గూళ్లు కట్టి పెరిగాయి. ఇవి చూడముచ్చటగా ఉన్నా పార్కుకు చేసిన నష్టం చిన్నది కాదు. యూరప్‌లోకెల్లా పెద్దదైన ఒక గబ్బిలం జాతి ఈ పార్కు పాత చెట్ల తొర్రల్లో నివసిస్తుంది. చిలుకలు ఆ తొర్రలను ఆక్రమించి, గబ్బిలాలను గాయపరచి, చంపి, తరిమేయడం వల్ల ఇక్కడి గబ్బిలాల సంఖ్య బాగా పడిపోయిందని పరిశోధకులు తేల్చారు.

మన వైపు నుంచి వచ్చిన మరో అతిథి ఎర్ర ముక్కు పురుగు. కోనసీమ కొబ్బరి రైతులకు దీన్ని పరిచయం చేయనక్కర్లేదు. దక్షిణాసియా ప్రాంతపు ఈ పురుగు 1990లలో స్పెయిన్ చేరి, ఇక్కడి పెద్ద అలంకార ఈత చెట్లను మొవ్వు లోపలి నుంచి తొలిచి వేల సంఖ్యలో చంపింది. అండలూసియా తోటల్లో తల లేని మొండెం లాంటి మాను కనిపిస్తే కారణం చాలావరకు అదే. మా ఊళ్లో చిన్నప్పుడు చూసిన పురుగును సెవిల్లె దగ్గరి ఒక తోటలో మొవ్వు చీల్చి చూపించి, ఇదేమిటో తెలుసా అని యజమాని నన్ను అడిగినప్పుడు నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

వెళ్లే ముందు తెలుసుకోవాల్సినవి

అల్కాసర్ టికెట్టును తేదీ, వేళతో సహా ముందే ఆన్‌లైన్‌లో కొనండి. తెరిచే వేళకు దొరికే మొదటి టికెట్టే మంచిది. చాలామంది ముందు భవనం గదుల్లో ఇరుక్కుంటారు. మీరు ప్రాంగణాలు రెండూ చూసుకుని నేరుగా తోటల్లోకి వెళ్లి, గుంపులు బయటికి వచ్చే సమయానికి గదులు చూడండి. తోటల్లో నేల ఎక్కువగా సమంగానే ఉంటుంది, మధ్య మధ్య నాలుగైదు మెట్లు వస్తాయి. మూడు గంటలు కేటాయిస్తే తొందర లేకుండా అయిపోతుంది.

మీ తేదీలు ఈస్టర్‌కు ముందు వచ్చే పవిత్ర వారంతో కలుస్తున్నాయేమో చూసుకోండి. కలిస్తే పాత ఊరి వీధులు ఊరేగింపులతో గంటల తరబడి మూసుకుపోతాయి, రెండడుగుల దూరానికి అరగంట పడుతుంది. అలాగే బలమైన గాలుల హెచ్చరిక ఉన్న రోజున నగరం పార్కులను మూసేస్తుంది. పెద్ద చెట్ల కొమ్మలు విరిగిపడే ప్రమాదం ఉండటం వల్ల ఈ నియమం. మార్చిలో ఇది అరుదేమీ కాదు. ఒకసారి తాళం వేసిన గేటు ముందు ఆరుగురు అతిథులతో నిలబడి, అప్పటికప్పుడు "కాసా దె పిలాతోస్" అనే పాత ప్రభువుల ఇంటికి దారి మార్చాను. గోడల మధ్య ఉన్న ఆ ఇంటి తోటలకు గాలి బాధ తక్కువ, పలకల పని కూడా గొప్పది. మీరు కూడా దాన్ని అత్యవసర ప్రత్యామ్నాయంగా మనసులో పెట్టుకోండి.

మార్చి చివరి ఆదివారం అక్కడ గడియారాలను ఒక గంట ముందుకు జరుపుతారు. అది దాటాక వెళ్తే రాత్రి ఎనిమిదిన్నర వరకు వెలుతురు ఉంటుంది, పార్కుకు ఐదున్నరకు బయలుదేరినా సరిపోతుంది. అల్కాసర్ నుంచి పార్కుకు నడక పావుగంట మాత్రమే, దారిలో శాన్ తెల్మో భవనం కూడా కనిపిస్తుంది. మోకాళ్ల దృష్ట్యా ట్రాము ఎక్కి ప్రాదో దె శాన్ సెబాస్టియాన్ దగ్గర దిగినా పర్వాలేదు.

మిగిలిన తోటల గురించి రెండు మాటలు. 1574లో చిత్తడి నేలను ఎండగట్టి చెట్లు నాటిన అలమేదా దె ఎర్కులెస్, యూరప్‌లో ప్రజల కోసం వేసిన అతి పాత విహారస్థలాల్లో ఒకటిగా పేరున్నది. కానీ ఇప్పుడది హోటళ్ల మధ్య ఉన్న బహిరంగ స్థలం, అక్కడి రోమన్ స్తంభాల కోసం, సాయంత్రం కాఫీ కోసం వెళ్లండి, తోట కోసం వద్దు. మురియో తోటలు అల్కాసర్ గోడకు ఆనుకునే ఉన్నాయి, ఒకప్పుడు ఆ భవనపు కూరగాయల తోట భూమే. దారిలో పావుగంట చాలు. రెండో రోజు ఖాళీ ఉంటే మాత్రం, పర్యాటకులు దాదాపు వెళ్లని బుఐరా తోటకు వెళ్లండి. అల్మొహద్ పాలకుడు 1171 ప్రాంతంలో ఊరి బయట వేయించిన తోట అది. పేరుకు అరబ్బీలో సరస్సు అని అర్థం. పాత నీటి తొట్టి ఇప్పటికీ ఉంది, పక్కన పిల్లలు బంతి ఆడుకుంటూ ఉంటారు.

పార్కులో చివరి మజిలీగా బెకెర్ చెట్టును పెట్టుకోండి. మీ అమ్మగారిని అక్కడి బెంచీ మీద కూర్చోబెట్టి, మీరు గురుగూ గుట్ట ఎక్కి రండి. ఎక్కి దిగడానికి పది నిమిషాలకు మించి పట్టదు. దగ్గరి గేటు బయట టాక్సీలు దొరుకుతాయి.